ఈసీజీ తీయడం: మీట నొక్కక ముందు జరిగే పని

ఈసీజీ మిషన్ రికార్డు చేసేది పది సెకన్లు. కాగితం మీద పడిన గీత ఆ మనిషి గుండెదా, వైరు తప్పు చోట పెట్టడం వల్ల పుట్టిందా అన్నది మాత్రం అంతకు ముందు నాలుగైదు నిమిషాల్లోనే తేలిపోతుంది. ఈసీజీ గదిలో పనిచేసే నాలాంటి టెక్నీషియన్ల చేతిలో ఉన్నవి ఆ నాలుగైదు నిమిషాలే. డాక్టరుగారి ముందుకు వెళ్లేది కాగితం ఒక్కటే. వీ1 అనే ఛాతీ వైరును పక్కటెముకల మధ్య నాలుగో సందులో పెట్టారా, రెండో సందులో పెట్టారా అన్నది దాని మీద రాసి ఉండదు. అందుకని ఈ పని నేను మొదటి నుంచి చివరిదాకా ఎలా చేస్తానో, ఎక్కడ తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో రాస్తున్నాను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు, వార్డుల్లో ఈసీజీ తీయాల్సి వచ్చే నర్సులకు పనికొస్తుంది. ఆ బల్ల మీద పడుకునేవాళ్లకు కూడా తమకు ఏం చేస్తున్నారో తెలిసి ఉండడం మంచిదని నా అభిప్రాయం.

ఈసీజీ, పూర్తి పేరు ఎలక్ట్రోకార్డియోగ్రామ్, అంటే గుండెలో పుట్టే విద్యుత్తును గీతగా రాసిన కాగితం. గుండె కుడి పైగది గోడలో సైనస్ నోడ్ అనే చోట ప్రతిసారీ ఒక చిన్న విద్యుత్ ప్రేరణ పుడుతుంది. అది పై గదులంతా పాకి, పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న ఏవీ నోడ్ దగ్గర కొద్దిగా ఆగి, కింది గదులకు దిగుతుంది. పై గదుల్లో పాకినప్పుడు పడే చిన్న బొడిపె పి వేవ్. కింది గదుల్లో పాకినప్పుడు పడే నిటారు మొన క్యూఆర్ఎస్, అందులో పైకి లేచేది ఆర్. కింది గదులు మళ్లీ మామూలు స్థితికి వచ్చేటప్పుడు పడే గుండ్రటి గుట్ట టి వేవ్. చర్మం మీదికి వచ్చేసరికి దీని బలం ఒక మిల్లీవోల్టు అటూ ఇటూ, అంటే వోల్టులో వెయ్యో వంతు. మిషన్ దాన్ని పట్టుకుని పెద్దది చేస్తుంది, ఒంట్లోకి ఏమీ పంపదు. బల్ల ఎక్కగానే "షాక్ కొడుతుందా?" అని అడిగేవాళ్లు చాలామంది. కొట్టదు అని ముందే చెప్పేస్తాను. భయంతో బిగుసుకుంటే ఆ కండరాల వణుకంతా గీతలోకి ఎక్కుతుంది.

పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టింది డచ్ శాస్త్రవేత్త విల్లెమ్ ఐంతోవెన్. లైడెన్‌లో ఆయన వాడిన యంత్రం దాదాపు 270 కిలోల బరువు, నడపడానికి ఐదుగురు కావలసి వచ్చేది. రోగి రెండు చేతులు, ఒక కాలు ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కూర్చోవాలి. ఆ పనికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఛాతీ మీద పెట్టే ఆరు చోట్లను అమెరికా, బ్రిటన్ హృద్రోగ సంఘాలు 1938లో ఖాయం చేశాయి. 1942లో గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు చేతులు, కాళ్ల వైర్ల నుంచే వచ్చే ఏవీఆర్, ఏవీఎల్, ఏవీఎఫ్ చేర్చడంతో ఇవాళ్టి పన్నెండు లీడ్లు పూర్తయ్యాయి. ఒంటికి తగిలించే వైర్లు పదే, కాగితం మీద కనిపించే లీడ్లు పన్నెండు. లీడ్ అంటే వైరు కాదు కాబట్టి ఈ తేడా. రెండు చోట్ల మధ్య విద్యుత్ తేడాను ఒక దిక్కు నుంచి చూడడం లీడ్. చేతులు, కాళ్ల వైర్ల నుంచి ఆరు చూపులు, ఛాతీ నుంచి ఆరు చూపులు వస్తాయి. చూసే చోటు జరిగితే కనిపించేది మారుతుంది. కింద రాసే తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

మనిషి లోపలికి రాగానే పేరు, వయసు, ఆడా మగా అన్నది మిషన్‌లో ఎక్కిస్తాను. వయసు, లింగం లేకుండా తీస్తే మిషన్ ఇచ్చే సొంత రీడింగ్‌కు అర్థం ఉండదు. వెల్లకిలా పడుకోబెడతాను. ఆయాసంతో పూర్తిగా పడుకోలేనివాళ్లకు తల వైపు ఎత్తు పెట్టి తీయవచ్చు, కానీ కూర్చోబెట్టి తీసినట్టు కాగితం మీద రాయాలి. భంగిమ మారితే గుండె ఛాతీలో కొంచెం కదులుతుంది, గీత మారుతుంది. చేతులు పక్కన వదులుగా ఉండాలి, మంచం ఇనుప చువ్వలకు తగలకూడదు. మెట్లెక్కి వచ్చినవాళ్లయితే రెండు మూడు నిమిషాలు ఊపిరి కుదుటపడనివ్వాలి. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు ఈ ఆగడం లేదు, వెంటనే తీయాలి.

తర్వాత చర్మం. ఛాతీ నొప్పి రాగానే మన ఇళ్లలో మొదట చేసేది బామో కొబ్బరి నూనో రాయడం. దాని మీద ఎలక్ట్రోడ్, అంటే వైరు చివర చర్మానికి తగిలించేది, నిలవదు, నిలిచినా గీత కిందకీ పైకీ ఊగుతుంది. స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, పొడి గాజుగుడ్డతో రెండుసార్లు కాస్త గట్టిగా రుద్దుతాను. పై పొరలోని చచ్చిన చర్మం కొంచెం పోతే సంకేతం బాగా వస్తుంది. చెమటలు పట్టినవాళ్లకు పొడిగుడ్డ చాలు, అయితే ప్రతి ఎలక్ట్రోడ్ పెట్టే ముందూ మళ్లీ తుడవాలి. కాళ్లకు పసుపు రాసుకున్న ఆడవాళ్లకు చీలమండ దగ్గర తడిగుడ్డతో తుడిచి క్లిప్పు పెట్టాలి. మంగళసూత్రం, మెట్టెలు, గాజులు తీయించాల్సిన అవసరం లేదు. ఎలక్ట్రోడ్‌కు తగలకుండా పక్కకు జరిపితే చాలు. తాళి తీయమన్నారని బాధపడుతూ బల్ల మీద పడుకున్న మనిషి నుంచి ప్రశాంతమైన గీత రాదు. ఛాతీ మీద వెంట్రుకలు దట్టంగా ఉంటే వాళ్లను అడిగి, ఎలక్ట్రోడ్ పట్టేంత మేర రేజర్‌తో తీస్తాను.

చేతులు, కాళ్ల క్లిప్పులకు రంగులున్నాయి. మన దగ్గర ఎక్కువ మిషన్లలో ఎరుపు కుడిచెయ్యి, పసుపు ఎడమచెయ్యి, ఆకుపచ్చ ఎడమకాలు, నలుపు కుడికాలు. అమెరికా పద్ధతి మిషన్లలో తెలుపు కుడిచెయ్యి, నలుపు ఎడమచెయ్యి, ఎరుపు ఎడమకాలు, ఆకుపచ్చ కుడికాలు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రెండు పద్ధతుల్లోనూ ఉన్నాయి, వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఇక్కడ నేర్చుకుని విదేశాల్లో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, దాతలు ఇచ్చిన మిషన్ మీద పనిచేసేవాళ్లు రంగును నమ్మకుండా వైరు చివరన ఉన్న అక్షరం చదవాలి. క్లిప్పు మణికట్టు, చీలమండ లోపలి వైపు మెత్తటి చోట పెట్టాలి, ఎముక మీద కాదు. కాలో చెయ్యో తీసేసిన మనిషైతే మిగిలిన భాగం మీద, రెండోవైపు కూడా అదే ఎత్తులో పెట్టాలి. తొందరలో క్లిప్పులను భుజాల మీద, పొట్ట మీద పెట్టి తీసేవాళ్లున్నారు. అలా తీస్తే గీత ఆకారం మారుతుంది, పాత ఈసీజీతో పోల్చడానికి పనికిరాదు. తప్పనిసరై పెడితే ఆ సంగతి కాగితం మీద రాయాలి.

ఇక ఛాతీ. పని మొత్తంలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. కంటి అంచనాతో పెట్టకూడదు, పక్కటెముకలు వేలితో లెక్కపెట్టాలి. గొంతు కింద గుంట దగ్గర వేలు పెట్టి రొమ్ము ఎముక మీదుగా కిందికి జారిస్తే నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. ఆ గట్టుకు పక్కన ఉన్నది రెండో పక్కటెముక. దాని కింద ఉన్నది రెండో సందు. అక్కడ నుంచి వేలిని ఎముక, సందు, ఎముక, సందు అని దింపుకుంటూ నాలుగో సందుకు రావాలి. రొమ్ము ఎముకకు కుడి అంచున నాలుగో సందులో వీ1, ఎడమ అంచున అదే సందులో వీ2. తర్వాత వీ3 కాదు, వీ4 పెట్టాలి. ఎడమ మెడ ఎముక నడిమి నుంచి నిటారుగా దిగిన గీత ఐదో సందును కలిసే చోట వీ4. వీ2కీ వీ4కీ సరిగ్గా మధ్యన వీ3. వీ4 ఉన్న ఎత్తులోనే, చంక ముందు మడత నుంచి దిగిన గీత మీద వీ5. అదే ఎత్తులో చంక నడిమి గీత మీద వీ6.

ఈ ఎత్తు విషయంలో చాలా చేతులు తప్పుతాయి. పక్కటెముక వెనక్కి వెళ్లేకొద్దీ పైకి లేస్తుంది. ఐదో సందును పట్టుకుని పోతే వీ5, వీ6 పైకి వెళ్లిపోతాయి. వీ4 దగ్గర నుంచి సందును వదిలేసి, పడుకున్న మనిషి ఒంటికి అడ్డంగా ఒకే వరసలో పెట్టాలి. చనుమొనను గుర్తుగా పెట్టుకోవడం ఇంకో పొరపాటు. ఆడవాళ్లలో, లావుపాటి మగవాళ్లలో అది ఎక్కడైనా ఉండవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు వీ1, వీ2 పైకి పోవడం. మెడ ఎముక నుంచి లెక్క మొదలుపెట్టడం ఒక కారణం. మొహమాటం ఇంకో కారణం. ఆడవాళ్లకు జాకెట్టు పూర్తిగా విప్పమని అడగలేక, పైన కనిపించినంత మేరలో అతికించేస్తారు. రెండో, మూడో సందులో పెట్టిన వీ1లో పి వేవ్ మొత్తం తలకిందులవుతుంది, క్యూఆర్ఎస్ చివర ఇంకో చిన్న ఆర్ మొలుస్తుంది. వీ2, వీ3ల్లో ఆర్ ఎత్తు తగ్గి, ఎప్పుడో గుండె ముందు గోడకు దెబ్బ తగిలినట్టు కనిపిస్తుంది. ఏ జబ్బూ లేని మనిషి చేతికి "పాత గుండెపోటు అయి ఉండవచ్చు" అన్న మాట వస్తుంది. అక్కడ నుంచి ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ పరీక్ష, డబ్బు, నిద్రలేని రాత్రులు. రెండంగుళాల తేడా చేసే పని ఇది.

ఆడవాళ్లకు నేను చేసే పద్ధతి చెబుతాను. తెర వేసి, తోడుగా ఒక నర్సునో వాళ్లింటి ఆడమనిషినో లోపల ఉంచి, "అమ్మా, జాకెట్టు హుక్కులు విప్పి ఈ దుప్పటి కప్పుకోండి. ఛాతీ మీద ఆరు చోట్ల పెట్టాలి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అని ముందే చెబుతాను. చెప్పి చేస్తే ఎవరూ అభ్యంతరపెట్టరు. వీ4, వీ5, వీ6 రొమ్ము కింద పెట్టాలి, రొమ్ము మీద కాదు. పైకి ఎత్తాల్సి వస్తే నా చేతి వెనక వైపుతో ఎత్తుతాను, లేదా వాళ్లనే ఎత్తి పట్టుకోమంటాను. ఈసీజీ తీయించుకునే అమ్మలకు ఒక మాట: టెక్నీషియన్ సరిగ్గా చోటు వెతుకుతుంటే అది మీ కోసమే. తోడు కావాలని, తెర వేయమని అడగడం మీ హక్కు.

ఛాతీకి పీల్చుకుని అంటుకునే రబ్బరు బల్బు ఎలక్ట్రోడ్లు వాడే చోట జెల్లీ విషయం చూసుకోవాలి. శనగగింజంత చాలు. ఎక్కువ పూసి, వీ1 నుంచి వీ6 దాకా ఒకే చారగా కలిసిపోతే ఆరు ఎలక్ట్రోడ్లూ విద్యుత్ పరంగా ఒక్కటైపోతాయి, ఆరు లీడ్లలోనూ దాదాపు ఒకే ఆకారం వస్తుంది. జెల్లీ లేదని ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు రాస్తే ఆరిపోయి గీత ఊగుతుంది, లోహం కూడా పాడవుతుంది. బల్బు ఎక్కువసేపు ఉంచితే గుండ్రటి ఎర్రటి మచ్చ పడుతుంది. ముసలివాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చర్మం కమిలిపోతుంది. వాళ్లకు ఒకసారి వాడి పారేసే అతికించే ఎలక్ట్రోడ్లు మంచివి. ఆ ప్యాకెట్ తెరిచి వదిలేస్తే జెల్ ఎండిపోతుంది, ఎండినది వాడకూడదు. బల్బులు, క్లిప్పులు ప్రతి మనిషికీ మధ్య శుభ్రం చేయాలి. ఎండిన జెల్లీ పొర విద్యుత్తును అడ్డుకుంటుంది.

మీట నొక్కే ముందు మిషన్ తెర మీద మూడు సంగతులు చూస్తాను. కాగితం వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు. ఎత్తు ఒక మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు. మూడోది ఫిల్టర్, అంటే గీతలోంచి అక్కరలేని ఊపును, గరుకును తీసేసే అమరిక. ముందు మనిషికి గీతలు పెద్దవి వచ్చాయని ఎవరైనా ఎత్తును సగానికి తగ్గించి అలాగే వదిలేస్తే, తర్వాతి మనిషికి గుండె గోడ మందమైన గుర్తులు కనిపించకుండా పోతాయి. వేగం 50లో ఉంటే గుండె సగం వేగంతో కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. కాగితం మీద కనిపించే మెట్టులాంటి గుర్తు సరిగ్గా రెండు పెద్ద గడుల ఎత్తు ఉందో లేదో చూస్తే ఎత్తు సంగతి తెలిసిపోతుంది.

ఫిల్టర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గీత గరుకుగా వస్తే వెంటనే 40 హెర్ట్జ్ ఫిల్టర్ (సెకనుకు 40 సార్లకు మించి ఊగేదాన్ని కోసేది) వేసి నున్నగా చేయడం చాలాచోట్ల అలవాటు. చూడడానికి అందంగా ఉంటుంది కానీ క్యూఆర్ఎస్‌లోని సన్నటి నొక్కులు పోతాయి, ఆర్ ఎత్తు తగ్గుతుంది. పెద్దవాళ్ల ఈసీజీకి పైన 150 హెర్ట్జ్, కింద 0.05 హెర్ట్జ్ పెట్టాలన్నది ప్రమాణం. గీత ఊగకుండా ఉండాలని కింది హద్దును 0.5కు పెంచితే కొన్ని మిషన్లలో ఎస్‌టీ భాగం (క్యూఆర్ఎస్ ముగిసిన చోటు నుంచి టి మొదలయ్యేదాకా ఉండేది) లేచినట్టో దిగినట్టో కనిపిస్తుంది. గుండెపోటును పట్టుకునేది ఆ ఎస్‌టీ భాగంతోనే. అందుకే ముందు చర్మం, వైరు, భంగిమ సరిచేసి, ఇంకా కుదరకపోతేనే ఫిల్టర్ వేస్తాను. వేసినట్టు కాగితం మీద కనిపించాలి.

గీత మందంగా, రంపపు పళ్లలా ఒకే తీరుగా వస్తే అది కరెంటు జోక్యం. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ఒక పెద్ద గడిలో పది పళ్లు ఉంటాయి. మంచం గోడలోని సాకెట్‌కు ఆనుకుని ఉండడం, రోగి దిండు కింద ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్, ఎర్తింగ్ లేని ప్లగ్, వదులైన క్లిప్పు ఇవే ఎక్కువగా కారణాలు. ముందు కుడికాలి నల్ల క్లిప్పు చూడాలి, జోక్యాన్ని తగ్గించే పని దానిదే. తర్వాత మిషన్ ప్లగ్గు తీసి బ్యాటరీ మీద నడిపితే సగం సందర్భాల్లో గీత శుభ్రపడుతుంది. ఏ వైరు దోషమో వెతకడానికి ఒక తేలిక దారి ఉంది. లీడ్ 1 రెండు చేతుల మధ్యది, లీడ్ 2 కుడిచెయ్యి ఎడమకాలు మధ్యది, లీడ్ 3 ఎడమచెయ్యి ఎడమకాలు మధ్యది. 1, 2 చెడి 3 శుభ్రంగా ఉంటే దోషం కుడిచేతిది. 1, 3 చెడితే ఎడమచేతిది. 2, 3 చెడితే ఎడమకాలిది. పదీ పీకి మళ్లీ పెట్టాల్సిన పని లేదు.

పళ్లు ఒక తీరుగా లేకుండా చిందరవందరగా ఉంటే అది కండరాల వణుకు, చాలాసార్లు ఏసీ చలి వల్లే. దుప్పటి కప్పితే పోతుంది. పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్ల చేతి వణుకు సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఉంటుంది. అది కాగితం మీద పై గదులు అతివేగంగా కొట్టుకునే ఫ్లట్టర్ అనే లయదోషంలా కనిపించి మిషన్‌నే కాదు, మనుషుల్ని కూడా మోసం చేస్తుంది. "తాతా, చేతులు పిరుదుల కింద పెట్టుకోండి" అని పెట్టించి తీస్తే వణుకు తగ్గుతుంది. అయినా ఆగకపోతే క్లిప్పును చేతి పైభాగానికి జరిపి, ఆ సంగతి రాస్తాను.

కాగితం బయటికి రాగానే చింపి ఇచ్చేయను. లీడ్ 1, ఏవీఆర్ చూస్తాను. మామూలు మనిషికి లీడ్ 1లో పి, క్యూఆర్ఎస్, టి పైకి ఉంటాయి, ఏవీఆర్‌లో కిందికి ఉంటాయి. ఇది తిరగబడితే ముందు అనుమానించాల్సింది రెండు చేతుల వైర్లు మారడాన్ని. గుండె కుడివైపు ఉన్నవాళ్లకు కూడా ఇలాగే వస్తుంది. తేడా ఛాతీ లీడ్లలో తెలుస్తుంది. వైర్లు మారితే ఛాతీ లీడ్లు మామూలుగానే ఉంటాయి, వీ1 నుంచి వీ5 దాకా ఆర్ పెరుగుతూ పోతుంది. గుండె కుడివైపు ఉంటే వీ6కు వెళ్లేకొద్దీ గీత చిన్నదవుతుంది. లీడ్ 2 ఒక్కటే దాదాపు చదునుగా వస్తే కుడిచెయ్యి, కుడికాలు వైర్లు మారాయి. లీడ్ 3 చదునైతే ఎడమచెయ్యి, కుడికాలు మారాయి. ఎడమచెయ్యి, ఎడమకాలు మారితే పట్టుకోవడం కష్టం, గీత చూడడానికి సరిగ్గానే ఉంటుంది. లీడ్ 2 కంటే లీడ్ 1లో పి పెద్దగా ఉంటే ఒకసారి వైర్లు చూడడం మంచిది. రెండు కాళ్లు మారితే పెద్ద తేడా రాదు.

చిన్న గడి ఒక మిల్లీమీటరు, కాలంలో 0.04 సెకను. ఐదు చిన్న గడులు ఒక పెద్ద గడి, 0.2 సెకను. రెండు ఆర్ మొనల మధ్య పెద్ద గడులు ఎన్నో లెక్కపెట్టి 300ను భాగిస్తే నిమిషానికి గుండె వేగం. నాలుగు గడులుంటే 75. లయ తప్పినవాళ్లకు ఈ లెక్క పనిచేయదు. అడుగున ఉండే పది సెకన్ల పొడవు గీతలో క్యూఆర్ఎస్‌లు లెక్కపెట్టి ఆరుతో గుణించాలి. పి మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా (దీన్నే పీఆర్ అంటారు) మూడు నుంచి ఐదు చిన్న గడులు, క్యూఆర్ఎస్ వెడల్పు మూడు చిన్న గడుల లోపు. ఇంట్లో కాగితం పట్టుకుని చూసేవాళ్లకు ఇంతవరకు తెలిస్తే చాలు. ఏవీఆర్‌లో, వీ1లో, ఒక్కోసారి లీడ్ 3లో టి తలకిందులుగా ఉండడం మామూలే. చిన్నపిల్లలకు వీ1 నుంచి వీ3 దాకా కూడా అలాగే ఉంటుంది. అది చూసి కంగారు పడకూడదు.

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఆసుపత్రి గడప దాటిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరు చూడాలన్నది ప్రపంచమంతటా పాటించే నియమం. "గ్యాస్ నొప్పేనండీ, ఓపీ చీటీ రాయించుకుని వస్తాం" అన్నా నేను ముందు పడుకోమంటాను. రిపోర్టు చెప్పడం నా పని కాదు. కానీ ఎస్‌టీ లేచి ఉన్న కాగితాన్ని మిగతా కాగితాల దొంతరలో పెట్టడం నేరం. పక్కపక్క లీడ్లు రెండింటిలో ఒక మిల్లీమీటరుకు మించి లేస్తే అది అనుమానం. వీ2, వీ3ల్లో మాత్రం 40 ఏళ్లు దాటిన మగవాళ్లకు 2, ఆ లోపు వాళ్లకు 2.5, ఆడవాళ్లకు 1.5 మిల్లీమీటర్లు హద్దు. అలాంటిది కనిపిస్తే నేనే నడిచి వెళ్లి డాక్టరు చేతిలో పెడతాను. లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో లేచి ఉంటే ఎవరూ అడగకుండానే వీ4ఆర్ తీస్తాను, అంటే వీ4 వైరును కుడివైపు అదే ఎత్తులో పెట్టి ఇంకోసారి. కుడి కింది గదికి కూడా దెబ్బ తగిలిందో లేదో దాన్నుంచి తెలుస్తుంది. తగిలినవాళ్లకు నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్ర బీపీని ప్రమాదకరంగా పడగొట్టవచ్చు కాబట్టి, మందు వేయక ముందే డాక్టరుకు ఈ సంగతి తెలియాలి. వీ1 నుంచి వీ3 దాకా ఎస్‌టీ దిగి ఉంటే వీపు వైపు వీ7, వీ8, వీ9 తీయాలి, గుండె వెనక గోడ అక్కడ నుంచే కనిపిస్తుంది. అదనంగా తీసిన ప్రతి లీడ్ పేరూ పెన్నుతో దిద్దాలి. మిషన్‌కు వైరు జరిపిన సంగతి తెలియదు, పాత పేరే ముద్రిస్తుంది.

మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా గుండెపోటు లేదని కాదు. నొప్పి తగ్గకపోతే పావుగంట, అరగంటకోసారి మళ్లీ తీయాలి. ఎలక్ట్రోడ్లు తీయకుండా ఉంచితే, లేదా చోట్లు పెన్నుతో గుర్తు పెడితే రెండో గీతను మొదటి దానితో పోల్చవచ్చు. గుర్తు లేకుండా రెండోసారి అంగుళం జరిపి పెడితే వచ్చిన తేడా గుండెదో మనదో ఎవరూ చెప్పలేరు. గుండె కండరం దెబ్బతిన్నదో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా దీనికి తోడు ఉండాలి.

విశ్రాంతిలో తీసిన ఈసీజీ రక్తనాళంలో ఎంత శాతం పూడిక ఉందో చెప్పదు. గుండె ఎంత బలంగా రక్తాన్ని తోస్తోందో చెప్పదు, దానికి ఎకో ఉంది. వచ్చిపోయే దడ ఆ పది సెకన్లలో రాకపోతే కాగితం మీద ఉండదు, దానికి రోజంతా కట్టే హోల్టర్ ఉంది. గుండెకు సంబంధం లేదనుకునే జబ్బుల్లో మాత్రం ఈసీజీ చాలా చెబుతుంది. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనందరికీ తెలుసు. డయాలసిస్ రోజు తప్పినవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగితే టి వేవ్ సన్నగా, గుడారంలా మొనదేలి లేస్తుంది. ల్యాబ్ రిపోర్టు రాకముందే అది కనిపిస్తుంది. పురుగుమందు విషంలో క్యూటీ, అంటే క్యూఆర్ఎస్ మొదలు నుంచి టి చివర దాకా ఉన్న దూరం, పొడవవుతుంది. పచ్చగన్నేరు విషంలో గుండె వేగం పడిపోయి, పై గదుల ప్రేరణ కింది గదులకు చేరదు. అలాంటివాళ్లకు ఒక్క ఈసీజీ తీసి ఊరుకోకూడదు, గంటల్లో మారిపోతుంది.

కాగితం పైన మిషన్ ముద్రించే మాటల గురించి. "అబ్నార్మల్" అని చూసి బల్ల మీదే ఏడ్చేవాళ్లుంటారు. "నార్మల్" అని చూసి డాక్టరును కలవకుండా వెళ్లిపోయేవాళ్లుంటారు. రెండోది ఎక్కువ ప్రమాదం. మిషన్ కొలతలు బాగానే చేస్తుంది, వేగం, పీఆర్, క్యూఆర్ఎస్ అంకెలు చాలావరకు నమ్మవచ్చు. లయ గురించి, పాత గుండెపోటు గురించి అది చెప్పే మాటను డాక్టరు చూసి ఒప్పుకోవాలి. వణుకును చూసి లయ తప్పిందని, ఎత్తులో పెట్టిన వీ1ను చూసి జబ్బు అని అది కూడా అనుకుంటుంది.

చివరగా కాగితం జాగ్రత్త. పేరు, తేదీ, సమయం, తీసినప్పుడు నొప్పి ఉందో లేదో నేను రాసి ఇస్తాను. మిషన్ గడియారం తప్పు ఉండడం మామూలే, చేతి గడియారం చూసి దిద్దాలి. ఎక్కువ మిషన్లలో వాడేది వేడికి నల్లబడే థర్మల్ కాగితం. ఎండలో, బండి డిక్కీలో, ప్లాస్టిక్ కవర్లో ఉంచితే కొన్నాళ్లకు గీత వెలిసిపోతుంది. శానిటైజర్ పడితే మరక పడుతుంది. పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లగా మారిపోతుంది. అదే రోజు జిరాక్స్ తీయించి, రెండూ ఫైల్లో పెట్టండి. ఏ జబ్బూ లేనప్పుడు తీసిన పాత ఈసీజీకి చాలా విలువ ఉంది. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (ఎడమ కింది గదికి ప్రేరణ వెళ్లే దారిలో అడ్డు) లాంటిది కనిపించినప్పుడు అది ఇవాళ వచ్చిందా, పదేళ్ల నుంచి ఉందా అన్నది ఆ పాత కాగితం ఒక్కటే చెబుతుంది.

1905లోనే ఐంతోవెన్ ఆసుపత్రిలోని రోగి ఈసీజీని కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోన్ తీగ మీద తెప్పించుకున్నాడు. ఇప్పుడు ఏరియా ఆసుపత్రిలో తీసిన కాగితం నిమిషంలో పెద్ద ఆసుపత్రి కార్డియాలజిస్టు ఫోన్‌లో ఉంటుంది. రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇక్కడే ఇవ్వాలా, వెంటనే పంపాలా అన్నది ఆ ఫొటో చూసే తేలుస్తారు. కాబట్టి ఫొటో కూడా పద్ధతిగా తీయాలి. కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, మడతలు సాపు చేసి, ఫ్లాష్ లేకుండా, నీడ పడకుండా, నేరుగా పైనుంచి తీయాలి. పక్క నుంచి తీస్తే గడులు సాగిపోయి కొలతలు తప్పుతాయి. మెట్టు గుర్తు, పేరు, సమయం ఫొటోలో పడాలి. మొత్తం కాగితం ఒకటి, చేతులు కాళ్ల లీడ్లు ఒకటి, ఛాతీ లీడ్లు ఒకటి దగ్గరగా. దానితోపాటు వయసు, నొప్పి మొదలైన సమయం, బీపీ, షుగర్ ఉన్నదీ లేనిదీ, ఇప్పటిదాకా ఇచ్చిన మందులు రెండు వరసల్లో రాసి పంపితే అటువైపు డాక్టరు వాటికోసం తిరిగి ఫోన్ చేయాల్సిన పని ఉండదు.